ఆటలో ఆర్‌డబ్ల్యూఆర్ చెప్పినంత కచ్చితంగా నిజం విమానంలోనూ చెప్తుందా?

జడ్చర్ల దగ్గర ఇంజినీరింగ్ చదువుతున్న ఒక తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది: "సార్, నేను డీసీఎస్, వార్ థండర్ అనే విమాన యుద్ధం ఆటలు రెండూ ఆడతాను. ఎవడైనా నా మీదికి రాడార్ తిప్పగానే అది ఏ విమానం, ఏ దిక్కున ఉంది, లాక్ చేశాడా, మిస్సైల్ వదిలాడా అన్నీ రాడార్ వార్నింగ్ రిసీవర్ (ఆర్‌డబ్ల్యూఆర్) మీద టక్కున వచ్చేస్తాయి. నిజం విమానంలోనూ ఇంతేనా? ఇంకోటి, అవతలి విమానం ఒక దూరం దాటితే నా రాడార్‌లో అసలు కనిపించదు, ఆ గీత లోపలికి రాగానే స్థిరంగా కనిపిస్తుంది. ఇది కరెక్టేనా? నిజానికి దగ్గరగా ఉండే ఆట ఏది?"

ముందు సూటిగా జవాబు. ఎవరు ఎవరిని ముందు పసిగడతారు అన్న విషయంలో మంచి ఆటలు దాదాపు కరెక్టే. పసిగట్టాక ఎంత కచ్చితంగా తెలుస్తుంది అన్న విషయంలో మాత్రం బాగా ఎక్కువ చేసి చూపిస్తాయి. నిజం ఆర్‌డబ్ల్యూఆర్ పెట్టె (శత్రు రాడార్ మన మీద పడిందని హెచ్చరించేది) "ఆ వైపు నుంచి, బహుశా ఫలానా రాడార్, బహుశా నిన్నే చూస్తోంది" అనే దగ్గర ఆగిపోతుంది. ఆట ఆ "బహుశా"లన్నీ తీసేసి నీ చేతిలో పెడుతుంది.

నేను ఎయిర్ ఫోర్స్‌లో గ్రౌండ్ రాడార్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు నల్గొండలో ఉంటున్నాను. అంటే కాక్‌పిట్‌లో కూర్చుని ఆ పెట్టె కూత విన్నవాణ్ణి కాదు, ఆ కూత పుట్టించే వైపు పనిచేసినవాణ్ణి. ఆటలు మా అక్క కొడుకు వల్ల అలవాటయ్యాయి. సర్వీసులో చూసిన పరికరాల అంకెలు ఇక్కడ రాయను, దయచేసి అడగొద్దు. వార్ థండర్ వాదనలో గెలవడానికి రహస్య పత్రాలు బయటపెట్టినవాళ్ల సంగతి నువ్వూ వినే ఉంటావు, ఆ జాబితాలో చేరే ఉద్దేశం నాకు లేదు. కింద ఉన్నదంతా బహిరంగంగా అందరికీ తెలిసిందే. లెక్క వేసింది ఊహించుకున్న రాడార్ మీద.

ఆ లెక్కతోనే మొదలుపెడతాను. ఫైటర్ రాడార్ ఒకటి అనుకో: 10 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ, 10 కిలోవాట్ల పీక్ పవర్, 33 డీబీ యాంటెన్నా గెయిన్. నువ్వు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్నావు. నీ విమానం మీది చిన్న యాంటెన్నాకి అందే సిగ్నల్ సుమారు మైనస్ 49 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత, మైనస్ పెరిగేకొద్దీ బలహీనం). అదే సిగ్నల్ నిన్ను తాకి (నీ ఆర్‌సీఎస్ , అంటే రాడార్‌కి నువ్వు ఎంత పెద్దగా కనిపిస్తావో ఆ కొలత, ఒక చదరపు మీటరు అనుకుందాం) వెనక్కి ఆ రాడార్‌ని చేరేసరికి సుమారు మైనస్ 127 డీబీఎం. తేడా 78 డీబీ. అంటే నీకు వినిపించేది వాడికి వినిపించేదానికంటే ఆరు కోట్ల రెట్లు బలంగా ఉంది. కారణం తెలిసిందే. నీదాకా రావడం ఒకవైపు ప్రయాణం, దూరం రెట్టింపైతే సిగ్నల్ నాలుగో వంతవుతుంది. వాడికి రానూపోనూ రెండు ప్రయాణాలు, దూరం రెట్టింపైతే పదహారో వంతు. నిజమే, వాడి రిసీవర్ నీ పెట్టెకంటే చాలా సున్నితం, ఎన్నో పల్సుల్ని కలిపి చూసుకుంటాడు, తాను పంపింది ఎలా ఉంటుందో వాడికి ముందే తెలుసు. అవన్నీ కలిపినా పాత తరం రాడార్ల విషయంలో ఈ తేడా పూర్తిగా పూడదు. మన వైపు రాత్రిపూట అడవిపందుల కాపలాకి తలకి లైటు కట్టుకుని చేను చుట్టూ తిరిగే రైతు సంగతి కూడా ఇంతే. పందికి లైటు ఎప్పుడో కనిపించి ఉంటుంది, రైతుకి పంది కనిపించేది దగ్గరికొచ్చాకే.

ఈ భాగం డీసీఎస్, ఫాల్కన్ బీఎంఎస్ (ఇంకో విమాన యుద్ధం ఆట), వార్ థండర్ మూడింట్లోనూ ఉంది. అవతలివాడు నిన్ను చూడకముందే నీ పెట్టె మీద గుర్తు పడుతుంది. దీన్ని అనుమానించక్కర్లేదు.

అనుమానించాల్సింది ఆ తర్వాత చూపించేవాటిని.

దిక్కు. మామూలు ఆర్‌డబ్ల్యూఆర్‌కి విమానం నాలుగు మూలలా నాలుగు చిన్న యాంటెన్నాలు ఉంటాయి. ఏ రెండింటిలో సిగ్నల్ ఎంత బలంగా ఉందో పోల్చి దిక్కు అంచనా కడుతుంది. ఈ పద్ధతిలో 10 నుంచి 15 డిగ్రీల పొరపాటు మామూలే. నల్గొండ మీద ఎగురుతున్నావనుకో, ముప్పు నకిరేకల్ వైపుందో సూర్యాపేట వైపుందో తేల్చడం అలాంటి పెట్టెకి కష్టం. 50 కిలోమీటర్ల దూరంలో 10 డిగ్రీలంటే దాదాపు 9 కిలోమీటర్ల తేడా. పైగా చాలా పెట్టెలకి అది పైనుందో కిందుందో తెలియదు. విమానం పక్కకి బాగా వాల్చి తిప్పుతున్నప్పుడు రెక్కలు, ట్యాంకులు అడ్డొచ్చి గుర్తు గెంతుతుంది. ఆటలో గట్టిగా టర్న్ తిప్పినా గుర్తు జిగురు పెట్టి అంటించినట్టు కదలకుండా ఉంటే, అక్కడ యాంటెన్నాని మోడల్ చేయలేదు, నేరుగా శత్రువు ఉన్న చోటుని తీసుకొచ్చి గీశారని అర్థం.

దూరం. కొత్తగా ఆడేవాళ్లందరూ పడే గుంట ఇది. డిస్‌ప్లే మధ్యకి దగ్గరగా గుర్తు ఉంటే శత్రువు దగ్గరగా ఉన్నాడనుకుంటారు. ఆర్‌డబ్ల్యూఆర్‌కి దూరం కొలిచే దారే లేదు. దానికి తెలిసేది సిగ్నల్ బలం, ఆ రాడార్ ఎలాంటిది అన్న అంచనా, అంతే. ఎక్కువ ప్రమాదం అనుకున్నదాన్ని మధ్యకి జరుపుతుంది. దూరంలో ఉన్న పెద్ద రాడార్, దగ్గరున్న చిన్న రాడార్ ఒకే బలంతో వినపడొచ్చు. ఒకే రాడార్ మెయిన్ బీమ్ తగిలినప్పుడు ఒక రకంగా, పక్క లోబ్ (బీమ్ పక్కలకి కారే బలహీన కిరణం) తగిలినప్పుడు అందులో వందో వంతో వెయ్యో వంతో బలంతో ఇంకో రకంగా వినపడుతుంది.

ఇక గుర్తుపట్టడం. నా దృష్టిలో ఆటలు అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది ఇక్కడ. పెట్టెకి వచ్చేవి పల్సులు. ప్రతి పల్సుకీ ఫ్రీక్వెన్సీ ఎంత, ఎంతసేపు ఉంది, ముందు పల్సుకీ దీనికీ మధ్య గ్యాప్ ఎంత, ఎన్ని సెకన్లకోసారి బీమ్ మళ్లీ మన మీదికొస్తోంది, ఇవి చూసి లోపలున్న లైబ్రరీతో పోలుస్తుంది. ఆ లైబ్రరీని ఎవరో మనుషులు యుద్ధానికి ముందే తయారుచేసి ఎక్కించాలి. అందులో లేనిది "తెలియదు" అని రావాలి, లేదా దగ్గరి పోలికున్న ఇంకోదాని పేరుతో రావాలి. డీసీఎస్‌లో ఎఫ్-15సి మీద సుఖోయ్-27 వచ్చినా "29" అనే పడుతుంది, మిగ్-29తో కలిపి. చాలామంది దాన్ని బగ్ అనుకుంటారు. నాకైతే ఆ ఆటలో నిజానికి దగ్గరగా ఉన్నవాటిలో అదొకటి, ఎందుకంటే ఆ రెండు రాడార్లూ దగ్గరి చుట్టాలు.

రెండు వైపులా ఒకే రకం సామాను ఉంటే పెట్టె చేతులెత్తేస్తుంది. 1991 గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ దగ్గర ఫ్రెంచ్ మిరాజ్ ఎఫ్1 విమానాలు, రోలాండ్ మిస్సైళ్లు ఉన్నాయి. సోవియట్ రాడార్లను శత్రువులుగా రాసుకున్న లైబ్రరీలకి అవి తలనొప్పి. ఫ్రాన్స్ తన మిరాజ్ ఎఫ్1 విమానాలను మొదటి రోజుల్లో ఎగరనివ్వలేదు, సొంత పక్షంవాళ్లే పొరబడి కొట్టేస్తారేమోనని. ఆటలో ఈ టెన్షన్ ఉండదు, ఎర్ర టీమ్ ఎర్రగా, నీలం టీమ్ నీలంగా పుట్టి వస్తాయి.

ఇంకో సంగతి ఆటలు పట్టించుకోనిది: నిజం ఆకాశం గోలగోలగా ఉంటుంది. పెద్ద ఎయిర్‌పోర్టుల నిఘా రాడార్లు, వాతావరణ శాఖ డాప్లర్ రాడార్లు, సముద్రం మీదికి పోతే ప్రతి ఓడ నెత్తినా తిరిగే 9 గిగాహెర్ట్జ్ నావిగేషన్ రాడార్, పక్కనే ఎగిరే నీ జతగాడి రాడార్, ఆఖరికి నీ సొంత రాడార్. నీ రాడార్ పల్సు వదిలినప్పుడల్లా నీ ఆర్‌డబ్ల్యూఆర్ చెవులు మూసుకోవాలి, లేకపోతే దాన్నే శత్రువనుకుంటుంది. సోవియట్ వాళ్ల ఎస్‌పీఓ-15 బెర్యోజా అనే ఆర్‌డబ్ల్యూఆర్‌కి ఈ జబ్బు బాగా ఉండేది, సొంత రాడార్ ఆన్ చేస్తే ముందు వైపు సూచనలు నమ్మలేనట్టు ఉండేవి. డీసీఎస్‌లో పూర్తి స్థాయి మిగ్-29ఏ వచ్చినప్పుడు ఈ లోపాలతో సహా పెట్టారు. జనం "పనిచేయట్లేదు" అని గొడవ చేశారు. పనిచేయకపోవడమే పనితనం అక్కడ.

ఆటలో మ్యాప్ మొత్తం మీద ఉన్న రాడార్లన్నీ మిషన్ రాసినవాడు పెట్టినవే. కాబట్టి ప్రతి కూతా ఒక శత్రువే. నిజంలో పెట్టె కూసిన ప్రతిసారీ పైలట్ ఉలిక్కిపడితే ల్యాండయ్యేదాకా ఉలిక్కిపడుతూనే ఉండాలి.

అసలు వినపడనివి కూడా ఉన్నాయి. మామూలు ఆర్‌డబ్ల్యూఆర్ వినేది దాదాపు 2 నుంచి 18 గిగాహెర్ట్జ్ దాకా. మేం వాడే రకం మీటర్ వేవ్ నిఘా రాడార్లు, ఉదాహరణకి సోవియట్ పీ-18, 150 నుంచి 170 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. ఆ రాడార్ నిన్ను ఎంతసేపటి నుంచి చూస్తున్నా నీ పెట్టెకి చీమ కుట్టినట్టైనా ఉండదు. చాలా ఆటల్లో ఇలాంటి నిఘా రాడార్ గుర్తు కూడా బుద్ధిగా పెట్టె మీద కనిపిస్తుంది. 1999 మార్చి 27న సెర్బియాలో ఎఫ్-117 స్టెల్త్ విమానాన్ని కూల్చింది ఎస్-125 (ఎస్ఏ-3) మిస్సైల్ బ్యాటరీ, మన దగ్గర పెచోరా అంటాం చూడు, ఆ కుటుంబమే. వాళ్లు పీ-18తో జాడ పట్టి, గురి రాడార్‌ని ఆఖర్లో కొద్ది సెకన్లు మాత్రమే ఆన్ చేశారు. ఆటలోని సామ్ (నేల నుంచి విమానాల మీదికి మిస్సైళ్లు వదిలే) బ్యాటరీ ఇంట్లో ట్యూబ్‌లైట్ వేసినట్టు పొద్దంతా రాడార్ వేసుకుని కూర్చుంటుంది. గ్రౌండ్ వైపు పనిచేసినవాణ్ణి కాబట్టి ఇది నాకు మరీ ఎబ్బెట్టుగా ఉంటుంది. ఎమిషన్ క్రమశిక్షణ (అవసరమైనప్పుడే రాడార్ వేయడం) మాకు మొదట నేర్పే పాఠాల్లో ఒకటి.

వినే పరిధిలో ఉన్నా అర్థం కానివి ఉంటాయి. 1973 యుద్ధంలో ఇజ్రాయెల్ విమానాల పెట్టెలు పల్సుల కోసం ఎదురుచూస్తుంటే, ఎస్ఏ-6 అనే సోవియట్ మిస్సైల్ వ్యవస్థ కంటిన్యువస్ వేవ్‌తో (పల్సులు కాకుండా ఆగని సిగ్నల్‌తో) మిస్సైల్‌కి దారి చూపించింది. చాలామందికి హెచ్చరిక లేకుండానే మిస్సైల్ వచ్చి తగిలింది. ఇప్పటి ఏఈఎస్ఏ రాడార్లతో (యాంటెన్నా కదలకుండానే బీమ్‌ని ఎలక్ట్రానిక్‌గా తిప్పేవి) అదే కథ ఇంకో రూపంలో నడుస్తోంది. ఫ్రీక్వెన్సీ, పల్సుల మధ్య గ్యాప్ మారుస్తూ, కావాల్సినంత పవరే వాడుతూ, బీమ్‌ని ఎటు కావాలంటే అటు విసురుతూ ఉంటే పాత లైబ్రరీ పద్ధతికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. పైన నేను చెప్పిన ఆరు కోట్ల రెట్ల లాభం అక్కడే కరిగిపోతుంది.

"మిస్సైల్ వచ్చింది" అన్న హెచ్చరిక. దీన్ని మూడు రకాలుగా విడగొట్టుకో. సెమీ యాక్టివ్ మిస్సైల్ అయితే (ఆర్-27ఆర్ లాంటివి) అవతలివాడు నిన్ను ఒక్కణ్ణే లాక్ చేసి వెలుగు పట్టాలి, కాబట్టి పెట్టెకి ఆధారం దొరుకుతుంది. యాక్టివ్ మిస్సైల్ అయితే (ఏఐఎం-120, ఆర్-77) ట్రాక్ వైల్ స్కాన్‌లో (లాక్ చేయకుండా, స్కాన్ చేస్తూనే జాడ పట్టే పద్ధతిలో) వదిలితే నీ పెట్టెకి మామూలు స్కాన్‌లాగే వినపడుతుంది, మిస్సైల్ తన సొంత రాడార్ వేసుకున్న ఆఖరి కిలోమీటర్లలోనే అరుస్తుంది. ఇది డీసీఎస్‌లో కరెక్టే. కానీ ఆ చిన్న సీకర్‌ని ప్రతిసారీ వెంటనే, తప్పు లేకుండా "ఎమ్" (మిస్సైల్) అని గుర్తుపట్టడం మాత్రం ఆట ఉదారత. మూడోది వేడిని చూసి వచ్చే మిస్సైళ్లు, ఆర్-73, ఏఐఎం-9, భుజం మీది స్ట్రెలా. వాటిలో రాడార్ లేదు, ఆర్‌డబ్ల్యూఆర్‌కి వినడానికేమీ లేదు. వాటికి మంట, వేడి పసిగట్టే వేరే సెన్సర్ కావాలి. ఏ ఆటైనా ఆ సెన్సర్ లేని విమానంలో వీటికి కూడా బీప్ కొడితే అది వినోదం కోసం ఆడాల్సిన ఆట, అందులో తప్పేం లేదు.

అసలు ఈ పెట్టెలు పుట్టిందే మిస్సైల్ వస్తోందని తెలియక పోయిన ప్రాణాల వల్ల. 1965 జూలై 24న వియత్నాం మీద ఎస్ఏ-2 మిస్సైల్ దెబ్బకి మొదటి అమెరికన్ ఎఫ్-4సి కూలింది. అదే ఏడాది ఆఖరికల్లా ఏపీఆర్-25 రిసీవర్లు పెట్టిన ఎఫ్-100ఎఫ్ వైల్డ్ వీజల్ (మిస్సైల్ బ్యాటరీలను వేటాడే) విమానాలు రంగంలోకి దిగాయి. మన దగ్గర తరంగ్ అనే ఆర్‌డబ్ల్యూఆర్ బెంగళూరులోని డీఆర్‌డీఓ వాళ్ల డేర్ ల్యాబ్‌లో తయారైంది. హైదరాబాద్‌లో చాంద్రాయణగుట్ట దగ్గర డీఆర్‌డీఓదే ఇంకో ల్యాబ్ డీఎల్‌ఆర్‌ఎల్ ఉంది, ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్ అక్కడి పని. నీది ఈసీఈ బ్రాంచి అయితే ఆటతో పాటు అటు కూడా ఓ చూపు వేసి ఉంచు.

ఇప్పుడు రెండో ప్రశ్న, రాడార్‌లో ఆ గీత సంగతి. గీత అబద్ధం. "ఈ రాడార్ 80 కిలోమీటర్లు చూస్తుంది" అంటే ఎంత ఆర్‌సీఎస్ ఉన్నదాన్ని, ఒక స్కాన్‌లో 100కి ఎన్నిసార్లు చూస్తుంది అని వెంటనే అడగాలి. ఆ రెండూ లేకపోతే ఆ అంకెకి విలువ లేదు. నిజంలో దూరం నుంచి వచ్చే విమానం ముందు ఒకసారి మెరుస్తుంది, నాలుగు స్కాన్లు మాయమవుతుంది, మళ్లీ కనిపిస్తుంది, దగ్గరయ్యేకొద్దీ నిలకడగా ఉంటుంది. విమానం ముక్కు కొంచెం తిప్పినా ఆర్‌సీఎస్ ఎన్నో రెట్లు మారుతుంది. అయితే దూరం దాని నాలుగో మూలం మీద ఆధారపడుతుంది కాబట్టి, ఆర్‌సీఎస్ 16వ వంతుకి పడితే కనిపించే దూరం సగమే తగ్గుతుంది. డీసీఎస్ కొత్త మాడ్యూళ్లలో (విడిగా కొనుక్కునే విమానాల్లో) ఈ మినుకుమినుకు కొంత తెస్తున్నారు, పాతవాటిలో గీతే.

నాచింగ్ (రాడార్‌కి అడ్డంగా ఎగిరి దాక్కోవడం) గురించి నువ్వు అడగలేదు గానీ ఆటగాళ్లందరూ దాన్ని మంత్రంలా వాడతారు కాబట్టి చెప్తాను. పల్స్ డాప్లర్ రాడార్ కిందికి చూసేటప్పుడు నేల నుంచి వచ్చే ప్రతిధ్వనిని వేగాన్ని బట్టి వడకట్టేస్తుంది. విజయవాడ హైవే మీద పోయే లారీలు కూడా స్క్రీన్ నిండా రాకుండా, ఆ వేగానికి కాస్త పైదాకా కోసేస్తుంది. నువ్వు వాడికి సరిగ్గా అడ్డంగా ఎగిరితే నీ వేగం నేలతో కలిసిపోయి ఆ కోతలో పోతావు. ఇది నిజమే. కానీ వాడు నీకంటే కిందుండి పైకి చూస్తుంటే నీ వెనక నేల లేదు, దాక్కోవడానికి ఏమీ ఉండదు. ఇంకా, సరిగ్గా 90 డిగ్రీలు పట్టాలంటే వాడి దిక్కు నీకు కచ్చితంగా తెలియాలి. 10, 15 డిగ్రీలు తప్పే పెట్టెని చూసి ఆ పని చేయడం ఎంత కష్టమో ఊహించుకో. ఆటలో నాచింగ్ అంత తేలికవడానికి సగం కారణం ఆర్‌డబ్ల్యూఆర్ అతి కచ్చితత్వమే.

గుట్టల చాటు విషయంలో ఆటలు బాగానే చేస్తాయి. 10 మీటర్ల ఎత్తున యాంటెన్నా, 100 మీటర్ల ఎత్తున విమానం ఉంటే చదును నేల మీద రాడార్ హొరైజన్ సుమారు 54 కిలోమీటర్లు. 30 మీటర్లకి దిగితే 36 దగ్గరికి పడుతుంది. అచ్చంపేట దాటి నల్లమల లాంటి చోటైతే ఆ లెక్క కూడా వర్తించదు, కొండ ఎక్కడుంటే అక్కడిదాకే. అయితే గాలి చేసే గారడీ ఏ ఆటలోనూ నాకు కనపడలేదు. గుజరాత్ తీరంలో పనిచేసినప్పుడు ఎండాకాలం కొన్ని రాత్రులు వేడి గాలి పొర కింద తేమ ఇరుక్కుని, రాడార్ కిరణం వంగి, హొరైజన్ అవతల ఎక్కడో ఉన్న ఓడలు పక్కనే ఉన్నట్టు వచ్చేవి. తెల్లవారుజామున పక్షుల గుంపులు లేస్తే స్కోప్ మీద పొక్కులు పొక్కులుగా. అది విమానమా కాదా అని తేల్చుకోవడమే మా డ్యూటీలో సగం. ఆటలో ఆ సగం లేదు. ఉంటే ఎవరూ కొనరనుకో, అది వేరే సంగతి.

ఏ ఆట కొనాలి అంటే, ఇప్పుడే ఏదీ కొనకు. డీసీఎస్‌తో ఉచితంగా వచ్చే సు-25టీ లో ఎస్‌పీఓ-15 తరహా పెట్టె ఉంటుంది. అంకెలు, పేర్లు చూపించదు, ముప్పు రకానికి ఆరు దీపాలు, దిక్కుకి కొన్ని, బలానికి ఒక వరస, ఇలా దీపాలే. కొత్త మిగ్-29ఏ లో ఉన్నంత లోతుగా మోడల్ చేయలేదు గానీ, తక్కువ సమాచారంతో నిర్ణయం తీసుకోవడం అలవాటు చేసుకోవడానికి చాలు. ఫాల్కన్ బీఎంఎస్ మొత్తం యుద్ధ వాతావరణం పరంగా నాకు ఎక్కువ నచ్చుతుంది, దానికి పాత ఫాల్కన్ 4.0 కాపీ ఒకటి చవకగా కొనుక్కుంటే చాలు. వార్ థండర్‌లో ఆడాలనుకుంటే సిమ్యులేటర్ బ్యాటిల్స్‌లోనే ఆడు, పాత విమానాల ఆర్‌డబ్ల్యూఆర్ మోటుగా ఉండటం అక్కడ ఉపయోగపడుతుంది.

డీసీఎస్‌లో ఒక మిషన్ నువ్వే రాసుకో. ఎడిటర్‌లో ఒక ఎస్ఏ-3 బ్యాటరీ పెట్టి, దాని అలారం స్టేట్ గ్రీన్‌లో (రాడార్ ఆపి ఉండేట్టు) ఉంచు. నువ్వు 15 కిలోమీటర్ల జోన్ లోపలికి వచ్చాకే రెడ్‌కి మారేట్టు ట్రిగ్గర్ పెట్టు. దాని చుట్టూ మన టీమ్ నిఘా రాడార్లు రెండు మూడు కూడా వదులు, గోల ఉండాలి కదా. బయటి కెమెరాలు, లేబుల్స్ ఆపెయ్. మిస్సైల్ కదిలిన దగ్గర్నుంచి నిన్ను చేరడానికి సుమారు 20 సెకన్లు పడుతుంది, అందులో కొన్ని "ఇది మనదా వాళ్లదా" అని చూసుకోవడంలోనే పోతాయి. మొదట మైదానంలో పెట్టి ఆడు, అలవాటయ్యాక బ్యాటరీని గుట్ట వెనక్కి జరుపు. నీ ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 16 జీబీ కంటే తక్కువుంటే మాత్రం డీసీఎస్ జోలికి పోకు, లోడింగ్ దగ్గరే విసుగొస్తుంది.